పరుగెత్తే స్వరాలకు పగ్గం వేయడమెలా?

పల్లవికి ముందు నీటిచుక్కలు రాలినట్టు స్వరాలు టపటపమంటూ పైకీ కిందికీ పరుగులు తీస్తుంటాయి చూశారూ... ఆ వేగానికి "ఏం వాయించాడ్రా!" అంటూ పక్కసీటు మిత్రుడి భుజం చరిచే వుంటారు. మీ సంబరం పాడుచేయడం నా ఉద్దేశం కాదు గానీ, చాలాసార్లు అక్కడ వేళ్ళు కదలనే కదలవు! కీబోర్డు కళాకారుడు మూడు మెట్లు నొక్కిపట్టి హాయిగా కూర్చుంటాడు. పరుగంతా యంత్రానిది. దాని పేరు ఆర్పెజియేటర్.

పేరు నోరు తిరగనిదే గానీ పని తేలిక. ఇటాలియన్‌లో 'ఆర్పా' అంటే హార్ప్ వాద్యం. దాని తీగల్ని ఒకదాని తర్వాత ఒకటి మీటినట్టు, మనం కలిపి నొక్కిన స్వరాల్ని ఈ యంత్రం విడదీసి వరసగా పలికిస్తుంది. పైకి వెళ్ళమంటే పైకి, కిందికి రమ్మంటే కిందికి... 'ర్యాండమ్' అన్నారో, దాని చిత్తం! నిమిషానికి 120 బీట్ల వేగంలో, బీటుకు నాలుగు చొప్పున, సెకనుకు 8 స్వరాలు. 1980ల మొదట్లో వచ్చిన రోలాండ్ జూపిటర్-8, జూనో-60 సింథసైజర్లలో ఈ సదుపాయం వుండేది. ఇప్పటి వాటిలో సరేసరి.

చిన్న సినిమాలకూ షార్ట్ ఫిల్ములకూ కీబోర్డు ప్రోగ్రామింగ్ చేసుకుని బతికేవాణ్ణి నేను. ఆ మధ్య ఒక పాట కోసం మిత్రుడి సింథసైజర్ రెండు రోజులకు అడిగి తెచ్చుకున్నాను. దర్శకుడు పాతికేళ్ళ కుర్రాడు. ఎన్ని వరసలు వినిపించినా పెదవి విరుపే! చివరికి నాలుగు మెట్లు పట్టుకుని ర్యాండమ్ మీద వదిలాను. అబ్బాయి కుర్చీలోంచి లేచిపోయాడు.

"అన్నా, ఇదే! ఇదే నాక్కావాలి. మళ్ళీ ఒక్కసారి వాయించన్నా!"

"నేనే కాదు తమ్ముడూ, ఈ యంత్రమే మళ్ళీ వాయించలేదు. కంగారుపడకు, పట్టేశాం," అన్నాను.

ఎలా పట్టామంటారా? మిడి అని ఒకటుంది. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ వాద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ వారి ప్రాఫెట్-600నీ, రోలాండ్ వారి జూపిటర్-6నీ ఒక తీగతో కలిపితే, ఒకదాని మీద వాయించింది రెండోదాంట్లోనూ పలికింది. అంతవరకూ ఏ కంపెనీ భాష ఆ కంపెనీదే. ఆ భాషను కలిపిన డేవ్ స్మిత్, ఇకుతారో కాకెహాషిలకు 2013లో టెక్నికల్ గ్రామీ దక్కింది. మిడి తీగలో శబ్దం ప్రయాణించదు. ఏ స్వరం, ఎప్పుడు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు... ఇంతే సమాచారం. అంటే అది స్వరలిపి అన్నమాట, గొంతు కాదు!

ఈ రంగంలోకి రావాలనుకునే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇక్కడ నాలుగు సంగతులు గుర్తుపెట్టుకోండి.

ఒకటి: కొన్ని సింథసైజర్లు ఆర్పెజియేటర్ స్వరాల్ని బయటికి పంపవు. మీరు నొక్కిన మెట్లనే పంపుతాయి. అప్పుడు కంప్యూటర్‌లో గబగబా గెంతే చుక్కలకు బదులు నాలుగు పొడుగాటి గీతలు కనిపిస్తాయి. సెట్టింగుల్లో వెతకండి, కొన్నింటిలో దీనికి వేరే మీట వుంటుంది.

రెండు: తాళం ఒక్కరిదే కావాలి. కంప్యూటర్‌ని యజమానిని చేసి, సింథసైజర్‌ని దాని మిడి క్లాక్ వెంట నడవమనాలి. ఆ క్లాక్ బీటుకు 24 సార్లు కొట్టుకుంటుంది. ఎవరి తాళం వారిదైతే నాలుగు ఆవర్తాలు తిరిగేసరికి ఇద్దరూ చెరో దారి!

మూడు: రికార్డింగ్ అయ్యాక ఆర్పెజియేటర్‌ని ఆపేసి మరీ పాటను వెనక్కి వినిపించాలి. లేకపోతే కంప్యూటర్ పంపే ప్రతి స్వరాన్నీ యంత్రం మళ్ళీ విడగొట్టి పలికిస్తుంది. అసలు వరస గల్లంతు! రికార్డు చేసేటప్పుడు కూడా, వచ్చిన స్వరాన్ని కంప్యూటర్ తిరిగి సింథసైజర్‌కే పంపకుండా ఆ దారి మూసేయాలి.

నాలుగు: స్వరాలతో పాటు శబ్దాన్నీ వేరే ట్రాకులో పట్టి వుంచుకోవాలి. ఆ యంత్రం గొంతు అందులోనే వుంటుంది.

ఇంత తతంగం దేనికంటారా? మిత్రుడి సింథసైజర్ వాళ్ళింటికి వెళ్ళిపోయిన అయిదో రోజున పాడే అమ్మాయి వచ్చింది. పల్లవి బాగానే వుంది గానీ చరణంలో గొంతు తేలిపోతోంది. "అర శ్రుతి పెంచితే హాయిగా పాడతానండీ," అంది భయంభయంగా. మర్నాడే ఫైనల్ మిక్సింగ్. పాట అందితేనే నాకు డబ్బు, డబ్బు అందితేనే ఆ నెల అద్దె! వట్టి శబ్దమే వుండి వుంటే, దాన్ని సాగదీసి పైకి లాగితే మిలమిల తగ్గి అరిగిన టేపులా వినిపించేది. మాకు స్వరాలున్నాయి. అన్నింటినీ ఒక్కసారే ఎంచి ఒక మెట్టు పైకి జరిపాను. లాప్‌టాప్ చంకన పెట్టుకుని మిత్రుడి ఇంటికి పరుగెత్తాను. అదే ప్యాచ్, అదే వరస, కొత్త శ్రుతి... పావుగంటలో పని పూర్తి. ఆ అమ్మాయి ఒకే టేకులో చరణం పాడేసి ఎంత నవ్వు నవ్విందనీ!

యంత్రం వాయిస్తే ఇక కళాకారుడెందుకని కొందరు పెద్దలు విసుక్కుంటారు. 1992లో 'రోజా' పాటలతో దేశాన్ని ఊపేసిన రెహమాన్, అంతకు ముందు ఇళయరాజా దగ్గరా, మన రాజ్-కోటిల దగ్గరా కీబోర్డు ముందు కూర్చున్నవారే. మీటలు అందరికీ ఒకటే. ఏ మూడు స్వరాలు పట్టుకోవాలో, ఏ పరుగును వుంచుకుని ఏది పారేయాలో చెప్పే చెవి మాత్రం ఏ కంపెనీ అమ్మదు. ఈసారి థియేటర్లో అలాంటి పరుగు వినబడితే భుజం తప్పకుండా చరవండి. ఆ మెచ్చుకోలు వేళ్ళకు కాకపోయినా ఆ చెవికి చెందుతుంది!