ఆరు చీటీలు, అయిదు అగ్గిపెట్టెలు

మా కూతురి కొడుకు సోమవారం ఆరో ఎక్కం తప్పు లేకుండా అప్పజెప్పేవాడు. గురువారం "ఆరు ఏడ్లు ఎంతరా నాయనా" అంటే ఇంటికప్పు దిక్కు చూసేవాడు. ఇంటికాడ బిడ్డల్ని చదివించేవాళ్ళకందరికీ ఈ బాధ తెలుసు. నేర్పేది ఒక పని, నేర్చింది నిలిచేది ఇంకో పని. ఆ రెండోదాని గురించే రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుందని.

మాది వత్రాప్. రాజపాళయం పక్క ఒక నూలు మిల్లులో టెస్టింగు రూములో ముప్పై ఏండ్లు పని చేసి దిగినాను. కూతురు ఇంకో మిల్లులో రింగు ఫ్రేము మీద, అల్లుడు తిరుప్పూరులో. 2022లో పిల్లోడికి తొమ్మిదేండ్లు. తుంటి ఎముకకు జబ్బు చేసి ఆపరేషను అయింది. ఏడాదిపాటు ఆ కాలు నేలకు మోపకూడదన్నారు డాక్టరు. పళ్ళికూడంలో టీచరమ్మ మంచిదే. "పేరు తియ్యను తాతా, ఇంట్లోనే చదివించండి, అయిదో తరగతికి తెచ్చి కూర్చోపెట్టండి" అనింది.

అయితే అంతకు ముందే వాడి చదువుకు బొక్క పడి ఉండె. కరోనాకు 2020 మార్చిలో మూసిన చిన్న తరగతులు మన రాష్ట్రంలో 2021 నవంబరు 1న తెరిచినారు. వీడికి రెండో తరగతి అంతా, మూడులో సగం అట్లనే పోయింది. 2022లో ప్రభుత్వం ఎణ్ణుం ఎళుత్తుం అని ఒకటి నుంచి మూడు వరకు బిడ్డలకు లెక్క, రాత మొదటినుంచి దిద్దే ఏర్పాటు తెచ్చింది. వీడు అప్పటికి నాలుగుకు వచ్చేసినాడు. అయిదులో పెద్ద భాగహారాలు, భిన్నాలు కాచుకొని ఉంటాయి. ఎక్కం నోట్లో లేనివాడు భాగహారం ముందర కూర్చుంటే, చెప్పులు లేకుండా సదురగిరి ఎక్కినట్టే. ఎక్కచ్చు, అయితే కొండ చూసే ఓపిక ఉండదు.

మా వీధిలో ఇల్లం తేడి కల్వి వాలంటీరుగా ఉండిన అమ్మాయి ఒకతె ఉంది. 2021లో స్టాలిన్ గారు మొదలుపెట్టిన ఆ పథకం మీకు తెలిసిందే, సాయంత్రం వీధి బిడ్డల్ని చేర్చి చదివించేది, నెలకు వెయ్యి రూపాయలు. ఆ అమ్మాయి ఇంటికొచ్చి వీణ్ణి ఒక గంట చూసి, "తాతా, వీడికి రాక కాదు. నేర్చినరోజు పదిసార్లు చెప్పిస్తారు, మళ్ళా వారం దాకా అడగరు. అంతలో జారిపోతుంది" అనింది. జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన అర్థం లేని అక్షరాలు తానే బట్టీపట్టి, ఎప్పుడు ఎంత మరిచినాడో కొలిచి 1885లో పుస్తకం వేసినాడంట. మరుపు మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో జోరుగా వస్తుంది. ఒకే రోజు రుద్దేదానికంటే రోజులు విడిచి విడిచి చేస్తే నిలుస్తుంది. ఆ దేశమే లైట్నర్ అనే పత్రికాయన 1970ల్లో దానికి ఒక పెట్టె కట్టి చూపించినాడు. గళ్ళు గళ్ళుగా ఉండే చీటీల పెట్టె. మాకు పెట్టెలకు కరువా? పక్కనే శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి. అయిదు అగ్గిపెట్టెలు ఖాళీ చేసినాము. పాత క్యాలెండరు అట్ట కత్తిరించి చీటీలు చేసినాము.

చీటీలు ఎన్ని కావాలని లెక్క పెట్టినప్పుడే నాకు సగం భయం పోయింది. ఒకటి నుంచి పది దాకా ఎక్కాలంటే నూరు మాటలు. అయితే కోడిగుడ్ల అట్ట చూడండి, ఇట్ల చూస్తే అయిదు వరసలు ఆరేసి, తిప్పితే ఆరు వరసలు అయిదేసి, గుడ్లు ముప్పయ్యే. అట్ల తిరగేసినవి తీసేస్తే నూరు కాస్తా 55. ఒకటి, రెండు, అయిదు, పది ఎక్కాలు వాడికి వచ్చు. అవి పోతే మిగిలింది 21. అంతే! ఇరవైయొక్క చీటీలు. వాటిలో తొమ్మిదివి చేతివేళ్ళు చెప్తాయి. పది వేళ్ళూ చాపి, తొమ్మిది ఏడ్లకు ఏడో వేలు మడిస్తే ఎడమపక్క ఆరు, కుడిపక్క మూడు, అరవైమూడు. నాలుగోది రెండోదానికి రెట్టింపు. మూడోది రెండోదానికి ఇంకో వాటా కలిపితే సరి. చివరికి నిజంగా మొండివి ఆరు మిగులుతాయి: ఆరు ఆర్లు, ఆరు ఏడ్లు, ఆరు ఎనిమిదులు, ఏడు ఏడ్లు, ఏడు ఎనిమిదులు, ఎనిమిది ఎనిమిదులు.

ఈ ఆరింటికీ ఒక్కో కొక్కెం తగిలించినాము. ఆరు ఎనిమిదులు మన ఇండ్లల్లో ఎవరికి తెలీదు? దినానికి ఎనిమిది గంటల షిఫ్టు, ఆరు దినాలు, వారానికి 48. 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి పెట్టిన హద్దు కూడా అదే 48, ఆ ఏడాది అంకెలోనే ఉంది చూడండి. ఆదివారం కూడా పిలిచినారనుకో, ఏడు ఎనిమిదులు, 56. "అమ్మకు ఆ వారం లీవు లేదు" అంటాడు వాడు. దీనికి ఇంకో కొక్కెం కూడా ఉంది, 5, 6, 7, 8 వరసగా రాస్తే 56 అంటే 7, 8. ఎనిమిది ఎనిమిదులకు వాళ్ళ అవ్వ పాత రూపాయి చెప్పింది, 1957లో నయాపైసలు వచ్చేదానికి ముందు రూపాయికి 64 పైసలు. ఆరు ఏడ్లకు ఆరు వారాల రోజులు, 42. మాత్రలు వేసినప్పుడు గోడ మీద గీతలు గీసి లెక్కపెట్టినాడు గనక అది వాడికి బాగా అంటింది. ఆరు ఆర్లు, ఏడు ఏడ్లు తమంతట తామే నిలిచినాయి. ఒకే అంకె రెండుసార్లు వచ్చేవి బిడ్డలకు ఎందుకో తేలిక.

ఇంక పెట్టెల సంగతి. చీటీకి ఒకపక్క 6 × 7, వెనకపక్క 42. మొదటి పెట్టె దినామూ తెరవాల. రెండోది దినం విడిచి దినం. మూడోది శుక్రవారం. నాలుగోది పదహైదు రోజులకు. అయిదోది అమావాస్యకు. మా ఊర్లో అమావాస్య ఎవరూ మరవరు, సదురగిరికి పోయే బస్సులే గుర్తు చేస్తాయి. చీటీ చూసి, నేను మూడు లెక్కపెట్టేలోగా జవాబు చెప్తే ఆ చీటీ పక్క పెట్టెకు పోతుంది. తప్పితే ఏ పెట్టెలో ఉన్నా మొదటిదానికి తిరిగొస్తుంది. వేళ్ళ మీద లెక్కపెడితే తిట్టేది లేదు, కానీ చీటీ కదలదు. దినానికి కొత్తవి మూడు మించకూడదు. పొద్దున కాఫీ తాగినాక పది నిమిషాలు, అంతే. రాత్రి కూర్చోపెట్టద్దు, బిడ్డకూ నిద్ర, మనకూ కోపం. ముఖ్యమైంది ఇంకొకటుంది. వాడు నోరు తెరిచి చెప్పేదాకా చీటీ తిప్పకూడదు. పుస్తకం చూసి పదిసార్లు చదివితే వచ్చినట్టే అనిపిస్తుంది, వెతికి తీసినదే నిలుస్తుంది.

భాష దగ్గర ఇంట్లో చిన్న యుద్ధమే అయింది. పళ్ళికూడంలో వాడు వాయ్‌పాడు అరవంలో నేర్చినాడు: ఈరేళు పదినాలు. వాళ్ళ అవ్వ తెలుగులో చెప్తుంది: ఏడు రెళ్ళు పద్నాలుగు. అరవంలో రెండు ముందు, తెలుగులో ఏడు ముందు. బిడ్డ రెండింటి మధ్య నిలబడిపోయేవాడు. నేను అరవమే ఉంచమన్నాను. "మన ఎక్కాలు కూడా పోవాల్నా? మాట పోయింది, రాత పోయింది, ఇదొక్కటే మిగిలింది" అని మా ఆవిడ రెండు దినాలు మాట్లాడలేదు. ఆమె కోపంలో న్యాయముంది. అయినా ఎక్కం ఏ భాషలో నోటికి ఎక్కిందో ఆ భాషలోనే బిరబిరా తిరిగొస్తుంది. అమెరికాలో రష్యా మాటా ఇంగ్లీషూ రెండూ వచ్చినవాళ్ళకు కూడికలు నేర్పి చూసి 2001లో ఇదే రాసినారని ఆ అమ్మాయి చెప్పింది. అందుకని వాయ్‌పాడు అరవంలో, అది ఎందుకట్ల అనే మాటలన్నీ తెలుగులో అని ఒప్పందం. ఇరవైయొకటీ మూడో పెట్టె దాటినాక ఆమె తన ఎక్కాలు పాటగా చెప్పుకోవచ్చు, అడ్డం రాను అన్నాను. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టింది. ఇప్పుడు వాడు రెండింట్లోనూ చెప్తాడు, అవ్వ దగ్గర ఒక తీరు, నా దగ్గర ఒక తీరు.

అన్నీ సాఫీగా పోయినాయని అనుకోవద్దు. దీపావళి ముందర ఒకరోజు ఏడు చీటీలు వరసగా మొదటి పెట్టెకు తిరిగొచ్చినాయి. పెట్టెలు విసిరికొట్టి, "నాకు లెక్క రాదు తాతా. నేను పళ్ళికూడానికి పోను. పెద్దయినాక అమ్మతో మిల్లుకు పోతా" అన్నాడు. వాళ్ళమ్మ నైట్ షిఫ్టు ముగించి వచ్చి అప్పుడే పడుకొని ఉండె. ఆ మాట విని లేచి కూర్చుంది, ఏమీ అనలేదు. నేను చీటీలు ఏరి, "మిల్లుకు పోయినా ఇదే లెక్కరా" అని మా టెస్టింగు రూము పని చెప్పినాను. రీలు ఒక చుట్టు ఒకటిన్నర గజం, ఎనభై చుట్లకు 120 గజాలు, దాన్ని లీ అంటాము. ఏడు లీలు ఒక హ్యాంకు. ఏడు పన్నెండ్లు ఎంత? వాడు ఏడుస్తూనే పదికి డెబ్బై, రెండుకు పద్నాలుగు కలిపి 84 అన్నాడు. దానికి సున్న పెట్టు, 840 గజాలు. పౌను నూలులో అట్లాంటి హ్యాంకులు ఎన్నుంటే అదే కౌంటు, నలభై హ్యాంకులుంటే నలభై కౌంటు నూలు. మీ అమ్మ ఫ్రేములో తిరిగేది అదే. వాడు వాళ్ళమ్మ దిక్కు చూసినాడు. తర్వాత మూడో పెట్టె, నాలుగో పెట్టె తెరిచి అక్కడున్న చీటీలు లెక్కపెట్టించినాను. తొమ్మిది ఉన్నాయి. "ఇవి ఎవరివి?" అంటే "నావే" అన్నాడు. ఆ దినం ఇంక అడగలేదు.

జనవరిలో ఎదురింటి పాప, మూడో తరగతిది, సాయంత్రం వచ్చి వీడి పక్కన కూర్చునేది. పెట్టెలు వాడి చేతికే ఇచ్చి, పాపను అడగమన్నాను. ఇది కొత్త పద్ధతేమీ కాదు. 1790ల్లో మద్రాసులో ఆండ్రూ బెల్ అనే పాదిరి, మన వీధిబళ్ళలో బిడ్డలు ఇసుకలో వేలితో రాసేది చూసి తన బడిలో పెట్టినాడు. తెలిసిన బిడ్డ తెలియని బిడ్డకు నేర్పే ఆ పద్ధతిని ఇంగ్లాండుకు తీసుకపోయి 1797లో పుస్తకంగా అచ్చువేస్తే, అక్కడ దానికి మద్రాసు పద్ధతనే పేరొచ్చింది. పాపకు జవాబు సరా తప్పా అని చెప్పాలంటే వీడికి ముందే తెలిసుండాల కదా. నేను ఆరు నెలలు అడిగినా రాని చురుకు ఆ రెండు నెలల్లో వచ్చింది.

2023 జూన్‌లో కర్ర పట్టుకొని అయిదో తరగతికి పోయినాడు. అమావాస్య పెట్టెలో పద్దెనిమిది చీటీలున్నాయి. ఆరు ఏడ్లు, మూడు ఎనిమిదులు, నాలుగు ఏడ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. సెలవుల్లో పదహైదు దినాలు చూడకపోతే ఇంకో రెండు వెనక్కొస్తాయి, మూడో దినానికి మళ్ళా పోతాయి. ఎదురింటి పాపకు వేరే అయిదు పెట్టెలు కావాలంట. మా ఇంట్లో అగ్గిపెట్టెలు అయిపోయినాయి, వాళ్ళమ్మనే అడిగి తెచ్చుకోమన్నాడు వీడు.