ఎవరు చెప్పిరి? ఎక్కడ చెప్పిరి?

పసిబిడ్డకు కడుపునొప్పి అనగానే ఇంటికి వచ్చిన ప్రతివారును ఒక మందు చెప్పుదురు. మా ఇంటి పెద్దవారు అట్టి సమయమున వెంటనే కల్వము తీసి నూఱుటకు కూర్చుండెడివారు కారు. "ఈ మాట నీకెవరు చెప్పారు? వాళ్లు ఎవరికి వాడి చూశారు?" అని అడిగి, జవాబు సరిగా లేనిచో ఊరకుండెడివారు. ఈ రెండు ప్రశ్నలే వైద్యశాస్త్ర రచనకును ప్రాణమని మాకు గత వేసవిలో గాని తెలియలేదు. సోదరీమణులలో అనేకుల ఇండ్లలో నేఁడు వైద్యము చదువుచున్న బిడ్డలున్నారు కాఁబట్టి, మా అనుభవమును ఇచ్చట వ్రాయుచున్నాము.

మా చెల్లెలి కుమార్తె ఎం.డి. చదువుచున్నది. ఆ పట్టము పొందుటకు ప్రతి విద్యార్థియు ఒక థీసిస్ వ్రాసి సమర్పింపవలయును. శస్త్రచికిత్స తరువాత రోగులకు కలుగు నొప్పిని తగ్గించు విధానములు ఆమె విషయము. వ్రాఁత ముగిసినది గాని, చివర నుండవలసిన రిఫరెన్సుల పట్టిక చిక్కుపడిన నూలువలె నున్నది. "పెద్దమ్మా, అచ్చుతప్పులు దిద్దడం నీకు అలవాటే కదా. కామాలూ చుక్కలూ సరిచేసి పెట్టవూ?" అని కాగితములు మా ఒడిలో పెట్టినది. లెక్కింపగా 112 అంశములు!

ముందుగా మేము ఆ పద్ధతిని నేర్చుకొనవలసి వచ్చినది. దానికి వాంకూవరు పద్ధతి యని పేరు. ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క తీరున వ్రాయుమనుటచే రచయితలు పడుచున్న శ్రమను తొలగింపనెంచి, 1978లో కొందఱు వైద్యపత్రికల సంపాదకులు కెనడాలోని వాంకూవరు నగరమున సమావేశమైరి. వారి నియమావళి 1979లో ప్రకటింపఁబడినది. రిఫరెన్సుల రూపమును అమెరికాలోని జాతీయ వైద్య గ్రంథాలయమువారు సిద్ధపఱిచిరి. రచనలో మొదట వచ్చిన ఆధారమునకు 1, తరువాతి దానికి 2, ఇట్లు వచ్చిన వరుసనే సంఖ్య లీయవలయును. అదే ఆధారము మరల వచ్చినచో పాత సంఖ్యయే. పట్టికలో ముందు రచయిత ఇంటిపేరు, పిదప చుక్కలు లేని పొడి అక్షరములు. ఆఱుగురికి మించినచో మొదటి ఆఱుగురిని చెప్పి "తదితరులు" అని ముగింపవలయును. తరువాత వ్యాసము పేరు, పత్రిక పేరునకు ఏర్పాటైన సంక్షిప్తరూపము, సంవత్సరము, సంపుటము, కుండలీకరణములలో సంచిక, చివర పుటలు.

మొదటి దినమున ఇదంతయు మాకు చాదస్తముగా తోఁచినది. రెండవ దినమునకు గాని అందలి సుఖము తెలియలేదు. పోపులపెట్టెలో ఆవాల గిన్నె, జీలకఱ్ఱ గిన్నె ఎప్పుడును తమ తమ చోటనే యున్నచో కరెంటు పోయిన వేళ గూడ చేయి తడఁబడదు గదా! అట్లే ఈ పట్టికలో సంఖ్య నిలిచిన చోటునుబట్టియే అది సంవత్సరమో, సంపుటమో, పుటయో తెలిసిపోవును. భాష రానివాఁడును గ్రంథాలయమునకు పోయి ఆ పుటను తెఱువవచ్చును.

చోటు తప్పినచో ఏమగునో గూడ చూచితిమి. అమ్మాయి రచన నడుమ ఒక పేరా క్రొత్తగా చేర్చి, దాని ఆధారమునకు 41 అని సంఖ్య వేసి, తరువాతి సంఖ్యలను మార్చుట మఱచినది. అప్పటినుండి ప్రతి వాక్యమును ఒక ఇల్లు తప్పి పొరుగింటి తలుపు తట్టుచున్నది. చిన్నపిల్లలకు ఈయవలసిన మోతాదును గూర్చిన వాక్యము ప్రక్కనున్న సంఖ్యను పట్టుకొని పోగా, ముసలివారి మోకాటి శస్త్రచికిత్సను గూర్చిన వ్యాసము ఎదురైనది! చేతితో సంఖ్యలు వేయనక్కఱలేకుండ తామే సరిచేసెడి జొటెరో, ఎండ్‌నోట్ వంటి కంప్యూటరు సాధనములు ఉన్నవి. వానిని మొదటి దినమునుండియే వాడవలయునని మా సలహా.

ఇంటిపేరు ముందు వచ్చుట మన తెలుఁగువారికి క్రొత్త కాదు. కాని విదేశములలో పేరులోని చివరి మాటనే ఇంటిపేరుగా గ్రహింతురు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్క్ అను ఆచార్యునితో కలసి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. అది శాస్త్రలోకమున మిక్కిలి ఉదాహరింపఁబడిన వ్యాసములలో నొకటి. అందు వారు "సుబ్బారో వై" అయిరి. యల్లాప్రగడ యంతయు ఒక్క అక్షరమున ఇమిడిపోయినది. స్త్రీల విషయమున మఱియొక చిక్కు గలదు. వివాహమునకు ముందు ఒక పేరున, తరువాత ఒక పేరున వ్రాసినచో ఆమె కృషి ఇద్దఱు మనుష్యులదిగా చీలిపోవును. ఇందుకై 2012 నుండి ఆర్కిడ్ అను పేరున, మనిషి కొకటి చొప్పున, 16 స్థానముల గుర్తు నిచ్చుచున్నారు. పేరు మాఱినను అది మాఱదు; దానికి రుసుము లేదు. అమ్మాయిచేత మేము ఆ దినముననే దానిని తీయించితిమి.

మూఁడవ దినము సాయంకాలమునకు పట్టిక ముగిసినది. తృప్తితో మరల ఒకసారి చదువుచుండగా ఒక అంశముకడ మా కన్ను ఆగినది. "పోర్టర్ జె, జిక్ హెచ్" అను ఇద్దఱు వ్రాసినది. నార్కోటిక్ మందులతో చికిత్స పొందిన రోగులలో వ్యసనము అరుదు అని దాని పేరు. చివర "1980;302(2):123" అని యున్నది. అందు ఒక్క చుక్కయు తప్పు లేదు. ఉదయము దాని ప్రక్కన సరియని గుర్తు గూడ పెట్టియుంటిమి. కాని మిగిలినవాని కన్నిటికి 215–24 అనియు, 1187–95 అనియు పుటలుండగా, దీనికి 123 అని ఒక్క పుటయే! అంత పెద్దమాట ఒక్క పుటలో ఎట్లు ఇమిడినదని సందేహము కలిగి, "అమ్మాయీ, ఇది నువ్వు చదివావా?" అని అడిగితిమి.

ఆమె తల వంచుకొని, "లేదు పెద్దమ్మా. అందరూ దాన్నే చూపిస్తారు. ఇంకో వ్యాసం చివర చూసి రాసుకున్నాను" అన్నది.

ఆ రాత్రియే దానిని వెదకి తెఱచితిమి. అది వ్యాసము కాదు. సంపాదకునికి వ్రాసిన లేఖ. అందున్నవి అయిదే వాక్యములు. ఆసుపత్రిలో చేరియుండి నార్కోటిక్ మందు ఒక్కసారియైన పొందిన 11,882 మంది రోగులలో, పూర్వము వ్యసనము లేనివారిలో నలుగురికి మాత్రమే అది కలిగినట్లు ఆధారము కనఁబడినదని వారు వ్రాసిరి. ఇంటికి పోయి నెలల తరబడి ఆ మందును మ్రింగువారి మాటయే అందు లేదు. ఆ ఇద్దఱును చూచినంతవఱకే చెప్పిరి. చదువక చేతులు మార్చినవారు దానిని పెంచిరి. 2017లో కొందఱు పరిశోధకులు లెక్క తీయగా, ఈ లేఖను ఉదాహరించిన రచనలు 608. వానిలో 439 వ్యసనము అరుదనుటకు దీనినే సాక్ష్యముగా చూపినవి. 491 రచనలలో ఆ రోగులు ఆసుపత్రిలో నున్నవారను మాటయే లేదు. ఆ యేడే పత్రికవారు లేఖపై ఒక హెచ్చరిక చేర్చిరి. అమెరికాలో 1999 మొదలు 2021 వఱకు ఈ జాతి మందులు మితిమీఱుటచే మరణించినవారు ఆఱు లక్షలకు పైబడిరి. వైద్యులు వ్రాసినవియు, దొంగచాటుగా అమ్మినవియు అందు కలసియున్నవి. ఆ పాపమంతయు అయిదు వాక్యములది కాదు. కాని భయము లేదని వైద్యులను నమ్మించిన మాటలలో అది యొకటి.

అమ్మాయి చాలసేపు పలుకక కూర్చున్నది. "ఇది చదివి రేపు ఏ డాక్టరైనా నా మాట నమ్మితే?" అని మెల్లగా అన్నది. ఆ వాక్యమును తానే కొట్టివేసినది. తక్కిన పట్టికను పరిశీలింపగా తాను స్వయముగా చదువనివి మఱి 18 తేలినవి. వారము దినములు కూర్చుండి అన్నిటిని చదివినది. చెప్పవలసిన మాటతో పొసఁగనివి 6 తీసివేసినది. వానిలో నొకటి పత్రికవారే తప్పని వెనుకకు తీసికొనిన వ్యాసము! చివరకు 105 నిలిచినవి.

కామాలు దిద్దబోయి మేము నేర్చుకొన్నది ఇది. పద్ధతి యనునది తలుపు మీది చిరునామా వంటిది. చిరునామా ఎంత చక్కగా వ్రాసినను, ఆ ఇంటికి పోయి మాట్లాడిన పుణ్యము దానివలన రాదు. నేఁడు కృత్రిమమేధ యంత్రములు లేని వ్యాసములకు గూడ నిక్కమైనవానివలె రిఫరెన్సులు కల్పించి యిచ్చుచున్నవి. అందును చుక్కలు, కామాలు సరిగానే యుండును. కావున సోదరీమణులారా, మీ బిడ్డ వైద్యరచన ముగించి పట్టికను చూపినపుడు, ఆ శాస్త్రము మనకు తెలియదని వెనుదీయకుఁడు. ఏదో యొక సంఖ్యపై వ్రేలుంచి, "ఇది నువ్వు చదివావా?" అని అడుగుఁడు. మన పెద్దలు పసిబిడ్డ ఉయ్యాలకడ అడిగిన ప్రశ్నయే అది.