కొసరు ప్రయాణం

మా కర్నూలు కొట్లలో పాతకాలం నుంచీ ఒక మర్యాద ఉంది. సరుకు తూచిన తరువాత కొట్టతను ఇంకో పిడికెడు తీసి సంచిలో వేస్తాడు. దాని పేరు కొసరు. కొసరు అడగని ఇల్లాలూ లేదు, కొసరు వేసి చెడిపోయిన వర్తకుడూ లేడు. ఈ సంగతి మా అమ్మకు చిన్నప్పటినుంచీ తెలుసు. నాకు మాత్రం క్రెడిట్ కార్డు పుణ్యమా అని నలభై అయిదో ఏట తెలిసింది.

2020 మొదట్లో ఆ కార్డు మా ఇంటికి వచ్చింది. దానితోపాటు ఒక రంగుల కాగితమూ వచ్చింది. ఖర్చుపెట్టిన ప్రతి నూరు రూపాయలకూ రెండు పాయింట్లు వస్తాయనీ, అవి పోగుచేసుకుంటే ఊళ్ళు తిరగవచ్చుననీ అందులో ఉంది. పైన సముద్రం బొమ్మ. మా అమ్మాయి దాన్ని కత్తిరించి గోడకు అంటించింది. అమ్మ కాసేపు దాన్నే చూసి, "నేనింతవరకు సముద్రం చూల్లేదు రా" అని, మళ్ళీ బియ్యం ఏరుకోసాగింది.

అమ్మకు తెలిసిన నీళ్ళు రెండే రకాలు. ఎండాకాలంలో కొళాయి దగ్గర బిందెతో కాచుకు కూర్చున్నా రాని నీళ్ళు ఒక రకం. 2009 అక్టోబరు 2న తుంగభద్రా హంద్రీ కలిసి ఊరిమీద పడ్డప్పుడు, వద్దన్నా ఇంట్లోకి వచ్చిన నీళ్ళు రెండో రకం. ఆ వరదకు మేము మిద్దె ఎక్కి కూర్చున్నాం. నాటినుంచి అమ్మకు నీళ్ళ చప్పుడంటే భయం.

అమ్మకు సముద్రం చూపించాలి, అదీ పాయింట్లతోనే, అని ఆ రోజే తీర్మానించుకున్నాను.

ఈ కార్డులు మన తెలుగువాళ్ళకు కొత్తవేమీ కావు. పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చి దేశంలో దారి చూపిన బ్యాంకుల్లో ఒకటైంది. (2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.) సరిగ్గా ఆ 1981లోనే అమెరికన్ ఎయిర్‌లైన్స్ కంపెనీ, ప్రయాణికులు తిరిగిన మైళ్ళు లెక్కగట్టి ఉచిత టికెట్లివ్వడం మొదలుపెట్టింది. తుంగా భద్రా కలిసి తుంగభద్ర అయినట్టు, తరువాత కార్డూ మైలూ కలిసి ఈ పాయింట్ల వ్యవహారమైంది.

లెక్క చెబుతాను. పాయింటు విలువ పావలా. అంటే నూరు ఖర్చుపెడితే అర్ధరూపాయి. కరెంటు బిల్లు, పెట్రోలు, పచారీ సామాను అన్నీ కార్డు మీదే నడిపించాను. రైతుబజారులో వంకాయలమ్మే అవ్వ దగ్గర మాత్రం కార్డు సాగలేదు. ఒక నెల గడువు మరిచిపోయాను. వడ్డీ నెలకు నూటికి మూడున్నర, అదీ కొన్న రోజునుంచే. జరిమానాతో కలిపి పదకొండు వందలు వదిలింది. ఏడాదిపాటు పోగుచేసిన పాయింట్లకు అది సమానం! ఇంకోసారి, పాయింట్ల కోసమని కొత్త మిక్సీ కొనబోతుంటే మా ఆవిడ అడ్డం పడింది. "నాలుగు వేలు పెట్టి ఇరవై రూపాయలు సంపాదిస్తారా?" అంది.

అమ్మ అసలు ప్రశ్న వేసింది. "ఈ కొసరు ఎవరి సంచిలోది రా?"

నిజమే. మనం కార్డు గీసినప్పుడల్లా కొట్టతను నూటికి ఒకటో రెండో రూపాయలు బ్యాంకుల వాళ్ళకు చెల్లించుకుంటాడు. నావంటి మతిమరుపువాళ్ళు కట్టే వడ్డీ వేరే ఉంది. అందులోంచే మనకు అర్ధరూపాయి రాలుతుంది.

ఏమైతేనేం, ముప్పై మూడు నెలల్లో 12,000 పాయింట్లు జమ అయ్యాయి. మూడేళ్ళు దాటితే మురిగిపోతాయన్నారు. సంక్రాంతి సెలవులకు విశాఖపట్నం అనుకున్నాం. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న మా ఊరికి, విమానం రావడానికి 2021 మార్చి దాకా పట్టింది. ఓర్వకల్లు దగ్గర కట్టిన ఆ విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు.

తీరా చూస్తే 12,000 పాయింట్లకు వచ్చింది మూడు వేల రూపాయలు. అంటే వెళ్ళడానికి టికెట్టు ఒక్కటి! పాయింట్లు మార్చుకున్నందుకు రుసుం అదనం. అమ్మను ఒంటరిగా పంపలేం కదా! అంచేత ఉచితంగా వచ్చిన ఒక్క టికెట్టు కోసం, రొక్కం పెట్టి మూడు టికెట్లు కొన్నాం. ఈ పథకాలు కనిపెట్టినవాడు ఎవడో మన సంసారాలు బాగా చదువుకున్నవాడు.

విమానంలో అమ్మ కిటికీ పక్కన కూర్చుని, కింద కనిపించిన ప్రతి చెరువునూ "ఇదేనా?" అని అడిగింది. "ఇంకా పెద్దది అవ్వా" అంటూ మా అమ్మాయి ఊరిస్తూ వచ్చింది.

మా ఆవిడ పిన్నిగారింట్లో దిగి, మర్నాడు పొద్దున్నే రామకృష్ణా బీచికి వెళ్ళాం. కైలాసగిరి చూశాం. 2002 నుంచి ఒడ్డునే ప్రదర్శనకు ఉన్న కుర్‌సురా జలాంతర్గామిలోకీ దూరి వచ్చాం. కాని చెప్పవలసింది ఆ మొదటి పొద్దు సంగతే.

అలల హోరు వినగానే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఒక అల వచ్చి ఆమె పాదాలు తడిపింది. కళ్ళు మూసుకుంది. అల వెనక్కి పోయింది. ఇంకోటి వచ్చింది, పోయింది. పదో పన్నెండో అలలయ్యాక చెయ్యి వదిలింది.

"ఆ పొద్దు వచ్చిన నీళ్ళు పోనే లేదు రా. ఇది చూడు, ఎంత మర్యాదగా వచ్చి పోతాందో" అంది.

తిరుగు ప్రయాణంలో నంద్యాల దాకా రైలు, అక్కడినుంచి బస్సు. నిద్ర పట్టక లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. మూడు వేల రూపాయలు ఇన్నేళ్ళలో నా దగ్గర ఎప్పుడూ లేకపోలేదు. అమ్మ కోసమని తీసి పక్కన పెట్టలేదు, అంతే. పాయింట్లు వేరే దేనికీ పనికిరాక నిలిచి ఉన్నాయి కాబట్టి ఆమె వంతు వచ్చింది.

ఇల్లు చేరాక అమ్మ గోడమీది బొమ్మకేసి చూసి, "మళ్ళా పోవాలంటే ఎన్ని పాయింట్లు కావాల?" అంది.

పాయింట్ల మాట ఎత్తకుండా, వెళ్ళి ఒక ఖాళీ డబ్బా తెచ్చాను. నెలకు వంద రూపాయలు. ఈసారి కొసరు కోసం ఆగదలచుకోలేదు.