నాన్నగారి తీగ

రెడ్‌మండ్‌లో ఆదివారం రాత్రంటే మా ఊళ్ళో సోమవారం పొద్దున్న. నాన్నగారు కాఫీ తాగేసి నా ఫోను కోసం కూర్చుంటారు. కుశల ప్రశ్నలయ్యాక ఒకటే మాట: "ఏరా, ఆ తీగ వచ్చిందా?"

ఆయన విద్యుత్ బోర్డులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసులో చాలా భాగం రెంటచింతల ఎండల్లో, లైన్ల కిందే గడిచింది. తీగలు వేడెక్కి వృథా అయ్యే కరెంటంటే ఆయనకి సొంత డబ్బు పోయినంత బాధ. 1987లో, నేనింకా పుట్టకముందు, పేపర్లో చదివారట: యిట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన పింగాణీ లాంటి పదార్థమొకటి 93 కెల్విన్ల దగ్గర నిరోధమే లేకుండా కరెంటు మోస్తోందని. ద్రవ నత్రజని 77 కెల్విన్లు, చవక. ఇంకేం, పదేళ్ళలో లైన్లన్నీ మారిపోతాయనుకున్నారు.

నేనేమో కంప్యూటర్ సైన్సు చదివి కన్సల్టెంటునయ్యాను. అయినా అమెరికాలో ఉన్నవాడికి అన్నీ తెలియాలని ఆయన నమ్మకం. 2023లో ఎల్‌కే-99 గోల లేచినప్పుడు అర్ధరాత్రి ఫోను చేశారు. అది ఉత్తిదేనని తేలాక కొన్నాళ్ళు ఆ ఊసెత్తలేదు. నాకే మనసొప్పక చదవడం మొదలుపెట్టాను.

నాకు అర్థమైనంతలో చెబుతాను, ఫిజిక్సు వాళ్ళు క్షమించాలి. సూపర్‌కండక్టర్లో ఎలక్ట్రాన్లు కోలాటం ఆడేవాళ్ళలా జతకట్టి, అందరూ ఒకే లయలో కదులుతాయి. రాగి ఆక్సైడుల్లో ఇంకో బుద్ధి కూడా ఉంది: పెళ్ళిభోజనాల్లోలా బంతులు తీరి కూర్చోవడం. లాంథనం రకాల్లో రాగి అణువులు ఎనిమిదింటికి ఒక ఖాళీ చొప్పున చేరిస్తే సూపర్‌కండక్టివిటీ దాదాపు చచ్చిపోతుంది. ఎందుకో 1995లో ట్రాంక్వాడా బృందం న్యూట్రాన్లతో చూసింది. ఆవేశాలు చారలు చారలుగా బంతి కట్టేశాయి! అంతా కూర్చుంటే ఇంక కోలాటమెక్కడ?

అయితే అంతటితో తేలిపోలేదు. 2012లో యిట్రియం రకంలోనూ ఈ క్రమం దొరికింది. సూపర్‌కండక్టివిటీ మొదలవగానే అది బలహీనపడుతుంది. 2019లో ఎక్స్-రేలతో మరొకటి బయటపడింది: స్థిరంగా కూర్చోక, కూర్చోబోయి లేచిపోయే ఆవేశాలు, చాలా ఎక్కువ ఉష్ణోగ్రతల్లో కూడా. ఈ ఊగిసలాట కోలాటానికి అడ్డమా, ఊతమా అన్నది ఇంకా తేలలేదు. నాకైతే అసలు కథ ఇక్కడే ఉందనిపిస్తుంది.

ఇదంతా నాన్నగారికి చెబుదామని ఉత్సాహంగా ఫోను చేశాను. శ్రద్ధగా విన్నారు. "బంతి" అన్నచోట నవ్వారు కూడా. ఐదు నిమిషాల తర్వాత, "ఏరా, ఆ తీగ వచ్చిందా?" పెట్టేసేలోగా మూడోసారి కూడా అడిగారు. అమ్మ ఫోను అందుకుని, కొన్ని నెలలుగా ఇలాగే ఉందిరా, నీకు చెప్పొద్దన్నారు అంది.

పోయిన వారం గుంటూరులో మెదడుకి ఎమ్మారై తీయించారు. ఆ సాయంత్రం అడిగాను, భయమేసిందా నాన్నా అని.

"భయమేంట్రా, మోత తప్ప."

"మీరు పడుకున్నది ఆ తీగ మధ్యలోనే. నియోబియం-టైటానియం, ద్రవ హీలియంలో, 4 కెల్విన్ల దగ్గర."

కాసేపు మాట్లాడలేదు. "మరా మోత?"

"అది మామూలు రాగి చుట్టలది."

"అనుకున్నా," అన్నారు, గొంతులో పాత ఇంజనీరు పలికాడు. "హీలియం ఖరీదురా. నత్రజనితో పనిచేసేది ఒకటుందే, పేపర్లో పడింది… అది వచ్చిందా?"

మళ్ళీ 1987 నుంచి మొదలుపెట్టి చెప్పాను.