గోల్కొండ దిడ్డి తలుపు

హైదరాబాదులో ఉద్యోగరీత్యా స్థిరపడిన కుటుంబాలకు గోల్కొండ కొత్త చోటు కాదు. ఊరినుంచి బంధువులు వచ్చిన ప్రతిసారీ చార్మినారు, సాలార్‌జంగ్ మ్యూజియం తరువాత మూడవ మజిలీ అదే. పిల్లలు చప్పట్లు కొట్టి ఆనందిస్తారు, పెద్దలు మెట్లెక్కి అలసి శిఖరం మీది గాలికి సేదతీరుతారు. అయితే ఈ కోటను మరొక దృష్టితో కూడా చూడవచ్చును. మెడలో గుర్తింపు కార్డు వేసుకుని ప్రతి ఉదయం గేటు దాటి పనికి వెళ్లే మనవంటి వారికి ఆ దృష్టి మరింత సహజమైనది. ఎవరిని లోపలికి రానివ్వాలి, ఎవరిని ఎంతవరకు రానివ్వాలి, ఎవరిని గుమ్మంలోనే ఆపాలి అనే ప్రశ్నలకు ఆనాటి పాలకులు రాతితో ఇచ్చిన సమాధానమే గోల్కొండ.

చార్మినారుకు పడమరగా సుమారు 11 కిలోమీటర్ల దూరంలో, దాదాపు 400 అడుగుల ఎత్తైన నల్లరాతి కొండ మీద ఈ దుర్గం వెలసింది. గొల్లల కొండ కనుక గొల్లకొండ అయిందని జనశ్రుతి. కాకతీయుల కాలంలో ఇది మట్టికోట. పిదప బహమనీల ఏలుబడిలోకి వచ్చింది. 1518 నుంచి కుతుబ్‌షాహీలకు రాజధానియై రాతికోటగా రూపుదిద్దుకుంది. వెలుపలి ప్రాకారం చుట్టుకొలత ఇంచుమించు 7 కిలోమీటర్లు. దానికి 87 బురుజులు, 8 ద్వారాలు ఉన్నాయి.

నగరం వైపునుంచి వెళ్లేవారికి మొదట ఎదురయ్యేది ఫతే దర్వాజా. ఈ ద్వారం తలుపులకు బిగించిన ఇనుప ములుకులను గమనించకుండా ముందుకు సాగరాదు. మదించిన ఏనుగులచేత తలుపులను కుమ్మించి పగులగొట్టడం ఆనాటి యుద్ధతంత్రం. ఆ ఏనుగు నుదురు ఆనించడానికి వీలులేకుండా చేయడమే ఆ ములుకుల ప్రయోజనం. ఈ ద్వారం దాటితే ఇప్పటికీ జనం కాపురముంటున్న బస్తీ వస్తుంది. అసలు కోట ఇంకా ముందుంది. వెలుపలి గోడ పట్టణాన్ని చుట్టి ఉంటే, రెండవది కొండ పాదాన్ని, మూడవది కొండ పైభాగాన్ని చుట్టి ఉన్నాయి. మూడవ ప్రాకారంలో కొన్నిచోట్ల సహజమైన బండరాళ్లే గోడలుగా అమరాయి. ఒక్క గోడను నమ్ముకుని నిద్రపోరాదన్న ఎరుక ఇందులో కనిపిస్తుంది. మన కర్మాగారాలలో మెయిన్ గేటు, ప్లాంటు గేటు, ఆపైన సర్వరు గది తలుపు అని మూడు అంచెలు ఉండడానికీ కారణం ఇదే.

బాలాహిసార్ దర్వాజా వద్ద నిర్మాణకౌశలం మరింత సూక్ష్మంగా ఉంటుంది. ద్వారానికి ఎదురుగా అడ్డుగోడ ఒకటి కట్టారు. దానివల్ల లోపలికి వచ్చేవారు నేరుగా దూసుకుని రాలేరు. పక్కకు తిరిగి, వేగం తగ్గించి, పైనున్న కావలివారి కంటబడుతూ రావలసిందే. ఈనాడు గేటు వద్ద ఒక్కొక్కరినే వదిలే తిరుగుడు కమ్మీలు చేసే పని ఆనాడు ఆ గోడ చేసింది. గేటు దాటిన వెంటనే గుమ్మటం కింద నిలిచి చప్పట్లు కొడితే కొండశిఖరాన వినబడుతుందన్నది అందరికీ తెలిసిన వింత. యాత్రికులకు అది వినోదం. కోటవారికి అది వర్తమానం. ఎవరో వచ్చారన్న సంగతి వచ్చినవాడికంటె ముందే పైకి చేరాలి. తలుపు ఆపగలిగినంత ఆపుతుంది. ఈలోగా తెలియవలసినవారికి తెలియాలి.

అక్కడినుంచి ఆయుధాగారం, నగీనాబాగ్, అక్కన్న మాదన్నల కచేరీ అని చూపించే శిథిలాలు, భద్రాచల రామదాసు బందీగా ఉన్నాడని చెప్పే చెరసాల చూస్తూ, 300కు పైగా మెట్లెక్కితే శిఖరాన బారాదరి కనబడుతుంది. తోటలో పనిచేసేవాడికి తోటవరకే దారి. ధాన్యపుకొట్టు లెక్కలు రాసేవాడికి కొట్టువరకే పని. సుల్తాను సమక్షానికి చేరేవారు కొద్దిమంది. ఎవరి పనికి ఎంత అవసరమో అంతవరకే అనుమతి అన్న నియమం కంప్యూటర్లతో పుట్టినది కాదని ఈ మెట్లు ఎక్కేవారికి బోధపడుతుంది.

ఇంతటి కోట ఎలా పడిపోయింది? 1687 ఆరంభంలో ఔరంగజేబు సైన్యం గోల్కొండను ముట్టడించింది. ముట్టడి సుమారు ఎనిమిది నెలలు సాగింది. మొగలులు ఒక రాత్రి నిచ్చెనలు వేసి గోడ ఎక్కబోతే ఒక వీధికుక్క మొరిగి కావలివారిని లేపిందనీ, సుల్తాను అబుల్ హసన్ తానీషా దానికి బంగారు గొలుసు వేయించి గౌరవించాడనీ ఆనాటి చరిత్రకారులు రాశారు. బురుజుల కింద మందుపాతరలు పెడితే అవి పేలి మొగలు సైనికులనే బలిగొన్నాయి. వానలు, కరువు, రోగాలు శిబిరాన్ని పీడించాయి. ఫిరంగులు, నిచ్చెనలు, మందుగుండు ఏవీ ఆ గోడను జయించలేదు.

చివరకు ధనం జయించింది. కోటలోని సర్దారులను ప్రలోభపెడుతూ లేఖలు వచ్చాయి. అబ్దుల్ రజాక్ లారీ అనే సేనాని తనకు వచ్చిన ఫర్మానాను బురుజు మీద అందరి ఎదుట చించివేశాడు. అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే మరొక సేనాని అంగీకరించాడు. 1687 సెప్టెంబరు 21న తెల్లవారుజామున అతడు తన అధీనంలోని ఒక దిడ్డి తలుపును తెరిచి ఉంచాడు. 87 బురుజుల కోటలోకి శత్రువు ఆ చిన్న వాకిలి గుండా నడిచి వచ్చాడు. లారీ కొద్దిమంది అనుచరులతో ఎదురొడ్డి, ఒళ్లంతా గాయాలై పడిపోయాడు. అతని శౌర్యానికి మెచ్చి ఔరంగజేబే వైద్యులను పంపగా బతికి బయటపడ్డాడు. తానీషా దౌలతాబాదు కోటలో బందీగా జీవించి 1699లో మరణించాడు.

భద్రతా విభాగంలో పనిచేసి విరమించిన ఒక పెద్దాయనతో కలిసి ఈ కోట చూసే అవకాశం లభించింది. ఈ కథ విని ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, "తెలియనివాడిని ఆపడం సులభమండీ. రోజూ నమస్కారం పెట్టే ఆఫీసరుగారిని కార్డు చూపించమని అడగడమే కష్టం" అన్నారు. అడిగినందుకు తాను తిన్న చీవాట్లు కూడా ఒకటి రెండు చెప్పారు. ఆలోచిస్తే ఆయన మాటలోనే అసలు చిక్కు ఉంది. లారీకీ పన్నీకీ కోటలో ప్రవేశం ఉంది, ఇద్దరికీ కావలివారు వంగి సలాము చేసేవారు. వారిలో ఎవరు ఎవరో ముందుగా చెప్పగల తాళం లేదు.

కంప్యూటరుకు కూడా ఇటువంటి దిడ్డి తలుపులున్నాయి. ఒకే యంత్రాన్ని అనేకులు పంచుకునే రోజులలో, 1960ల ఆరంభంలో, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో బృందం ఎవరి ఫైళ్లు వారికే అందేటట్లు పాస్‌వర్డు పద్ధతిని ప్రవేశపెట్టింది. 1966లో ఆ యంత్రం మీదనే రెండు ఫైళ్లు తారుమారై, లోపలికి వచ్చిన ప్రతివారికీ స్వాగతవాక్యానికి బదులు అందరి పాస్‌వర్డులూ కనబడ్డాయి. 2010లో వెలుగులోకి వచ్చిన స్టక్స్‌నెట్ అనే వైరస్ ఇరాన్‌లోని నటాంజ్ అణుకేంద్రంలో యంత్రాలను పాడుచేసింది. ఆ కేంద్రం ఇంటర్నెట్‌తో సంబంధం లేనిది; పెన్‌డ్రైవు వంటి సాధనం ద్వారా మనిషి చేతులమీదుగానే అది లోపలికి చేరిందని నిపుణుల అభిప్రాయం. 2019లో మన కూడంకుళం అణువిద్యుత్ కేంద్రానికి చెందిన, కార్యాలయపు పనులకు వాడే ఇంటర్నెట్ ఉన్న ఒక కంప్యూటరులో హానికర ప్రోగ్రాము బయటపడింది. రియాక్టరు నియంత్రణ వ్యవస్థ దానితో కలపకుండా వేరుగా ఉన్నందువల్ల సురక్షితంగా ఉందని సంస్థ ప్రకటించింది. రెండవ ప్రాకారం విలువ ఏమిటో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

అయితే పరిష్కారం అందరినీ అనుమానించడమా? అలా చేస్తే ఏ కార్యాలయమూ ఒక్కరోజు కూడా నడవదు. ఒక్కడి చేతిలో మొత్తం తలుపు పెట్టకపోవడమే విజ్ఞత. బ్యాంకు లాకరు సంగతి గృహిణులకు సైతం తెలుసు: మన తాళంచెవి, బ్యాంకువారి తాళంచెవి రెండూ కలిస్తేనే అది తెరుచుకుంటుంది. అందులో ఖాతాదారుకు అవమానం లేదు, గుమాస్తాకు అనుమానం లేదు. ఆ దిడ్డి తలుపుకు రెండు తాళాలుండి, రెండవ తాళంచెవి లారీ వద్ద ఉండి ఉంటే ఆ తెల్లవారుజాము మరొక విధంగా గడిచేదేమో!

ప్రభుత్వరంగ సంస్థల కావలి కోసం 1968 నాటి చట్టం ప్రకారం 1969లో కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం ఏర్పడింది. అయినా వెనుక వచ్చే పరిచయస్థుడికి మర్యాద కొద్దీ తలుపు పట్టుకుని నిలబడేది మనమే. సెలవులో వెళుతూ పక్కసీటు మిత్రుడికి పాస్‌వర్డు చెప్పేది మనమే. బదిలీ అయినవారి అనుమతులు రద్దు చేయించడం మరచేదీ మనమే. ఇవేవీ ద్రోహాలు కావు, స్నేహాలు. కాని తలుపు తెరిచింది స్నేహమో ద్రోహమో లోపలికి వచ్చినవాడికి అనవసరం. కార్డు అడిగే జవాను మనలను శంకించడం లేదు. రేపు మన పేరు చెప్పుకుని మరొకడు రాకుండా మన పేరునే కాపాడుతున్నాడు.

ఈసారి గోల్కొండకు వెళ్లే పాఠకమిత్రులు పిల్లలచేత చప్పట్లు కొట్టించడంతోపాటు ఆ ములుకుల తలుపులను, అడ్డుగోడను వారికి చూపించవలసిందిగా మనవి. కుక్క కథ వారికి తప్పక నచ్చుతుంది. దిడ్డి తలుపు కథ కొంచెం పెద్దయిన పిల్లలకు చెప్పాలి. మరునాడు ఉదయం గేటు వద్ద కార్డు తీసి చూపించేటప్పుడు దానిని ఒకసారి మనమూ గుర్తుచేసుకుంటే చాలు.