మురుగుకాలువలో కుళాయి పైపు

పచ్చకామెర్లతో వచ్చినవాళ్లని నేను ముందు అడిగేది, ఏ వీధిలో ఉంటారని. ఒక ఏడాది వానాకాలం చివర మా పట్టణంలో వరసగా వచ్చినవాళ్లంతా పక్కపక్కనే ఉన్న రెండు వీధులవాళ్లు. పొద్దున్నే కాసేపు వదిలే మున్సిపాలిటీ నీళ్లే అందరికీ ఆధారం. రక్తపరీక్షల్లో హెపటైటిస్-ఇ అని తేలింది.

ఇది చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. (పసరు మందుకి అంత పేరు రావడానికీ అదే కారణం.) నెలలు నిండుతున్న గర్భిణుల సంగతి వేరు. వాళ్లలో నూటికి ఇరవై, ఇరవై అయిదు మంది దాకా చనిపోయే ప్రమాదం ఉంది. ఆ వీధి కోడలు ఒకామెను మాట తడబడుతుండగా తీసుకొచ్చారు. వెంటనే పెద్దాసుపత్రికి పంపాం. ఆమె బతికింది, బిడ్డ దక్కలేదు.

శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేస్తే క్లోరోస్కోప్ పట్టుకుని వచ్చాడు. ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లలో చుక్కలు వేస్తే పసుపు రంగు తేలింది. క్లోరిన్ ఉందన్నమాట. వీధి చివరి కుళాయి దగ్గర మాత్రం రంగే రాలేదు. అక్కడ కూడా లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. "ట్యాంకులో బ్లీచింగ్ బాగానే కలిపాం సార్, దారిలోనే ఏదో తినేస్తోంది" అంటూ ఫిట్టర్‌ని వెంటబెట్టుకుని కాలువ పొడుగునా వెతికాడు. ఇళ్లకిచ్చిన పైపులు మురుగులో మునిగి, తుప్పుపట్టి, చిల్లులుపడి ఉన్నాయి. నీళ్లు వదిలినప్పుడు ఆ చిల్లుల్లోంచి బయటికి కారతాయి. కట్టేశాక పైపులో ఒత్తిడి పడిపోయి మురుగు లోపలికి చేరుతుంది. కుళాయికి మోటారు బిగించి లాగితే మరీ సులువుగా వస్తుంది.

పాత పైపులు తీసేసి, కొత్తవి కాలువకి ఎత్తుగా వేశారు. అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. కామెర్ల కేసులు ఆగలేదు. "పైపులు మార్చి ఏం ఒరిగింది?" అని వీధిలో జనం ఇన్‌స్పెక్టర్‌ని చుట్టుముట్టారు. ఈ వైరస్ ఒంట్లో చేరాక జబ్బు బయటపడడానికి రెండు నుంచి పది వారాలు పడుతుంది. ఇప్పుడొస్తున్న కామెర్లు పాత నీళ్లవేనని, ఇంకొన్నాళ్లు ఇలాగే వస్తాయని, అందాకా కాచి తాగమని నేనే వెళ్లి చెప్పాను. ఎంతమంది నమ్మారో గానీ అరుపులు తగ్గాయి. 1955-56లో ఢిల్లీలో తాగునీటిలో మురుగు కలిసి సుమారు 29 వేలమందికి కామెర్లు వచ్చినప్పుడు ఈ వైరస్‌కి పేరు కూడా లేదు. మనకి పేరు తెలుసు, పరీక్ష ఉంది. అయినా ఆ వీధుల్లో జబ్బుని ఆపింది నా ప్రిస్క్రిప్షన్ కాదు, ఫిట్టర్ చేతిలోని రెంచి.

మీ ఇంటి కుళాయి పైపు ఏ దారిన వస్తోందో ఓసారి బయటికెళ్లి చూడండి. కాలువలోంచి వస్తుంటే మున్సిపాలిటీలో ఫిర్యాదు రాసిచ్చి, మార్చేదాకా వెంటపడండి. కుళాయికి మోటారుంటే ఇవాళే తీసేయండి.