ప్రింట్‌లో రాదమ్మా

పాత అమెరికన్ కామిక్ పుస్తకం ఎప్పుడైనా చేతికి దొరికితే భూతద్దం పెట్టి చూడండి. సూపర్‌మ్యాన్ బుగ్గ మీద గులాబీ రంగు ఎక్కడా కనపడదు. పల్చగా పసుపు చుక్కలు, వాటితో కలిసిపోతూ అంతే పల్చగా ఎర్ర చుక్కలు, మిగతాదంతా కాగితం తెలుపు. కాస్త దూరం జరిగితే అవే చుక్కలు నిగనిగలాడే మగవాడి ఒళ్లయిపోతాయి. నేను హార్ట్‌ఫర్డ్‌లో ఇన్సూరెన్స్ కంపెనీకి ప్రోగ్రాములు రాసే మనిషిని. ఈ చుక్కల గొడవ నాకు అంటించింది హైస్కూల్లో ఉన్న మా అమ్మాయి. బొమ్మలు గీస్తుంది, గీసినదానికంటే ఎక్కువసేపు రంగులు వేస్తుంది. పాత పుస్తకాల కొట్లో డాలరుకొకటి చొప్పున అట్టపెట్టెల్లో పడేసిన కామిక్స్ ఏరుకొచ్చి, కథ జోలికి పోకుండా ఒంటి రంగులు చూస్తూ కూర్చుంటుంది.

కామిక్స్‌లో జాతి గురించీ ఆడవాళ్ల గురించీ మాట్లాడేవాళ్లు మామూలుగా కథ గురించే మాట్లాడతారు. ఎవరు హీరో, ఎవరు పక్కవాద్యం, ఎవరిని చంపితే హీరోకి కోపం వస్తుంది, ఇలా. ఆ చివరి ప్రశ్న పట్టుకునే గెయిల్ సిమోన్ అనే కామిక్స్ అభిమాని 1999లో, కథల్లో చంపేసిన, హింసించిన, శక్తులు లాగేసిన ఆడ పాత్రల జాబితా తయారుచేసి పరిశ్రమ పరువు తీసింది. మంచి పనే చేసింది. కానీ కథలోకి వెళ్లకముందే కంటికి తగిలేది రంగు. ఆ రంగు దగ్గర ఏం తేడా జరిగినా అడిగినవాళ్లకి దొరికే జవాబు ఒక్కటే: ప్రింటింగ్‌లో రాదు.

ఆ ప్రింటింగ్ లెక్క చెప్తాను. గీతలకి నల్ల సిరా. రంగులకి పసుపు, మెజెంటా, సయాన్. ఒక్కో సిరాని పావు వంతు, సగం, పూర్తిగా, ఇలా మూడు మోతాదుల్లో వెయ్యొచ్చు, లేదా అసలు వెయ్యకుండా వదిలెయ్యొచ్చు. నాలుగు నాలుగులు పదహారు, పదహారు నాలుగులు అరవై నాలుగు. కొన్ని దశాబ్దాల పాటు ఆ కామిక్స్ లోకంలో ఉన్న రంగులు మొత్తం 64. తెల్లవాళ్ల ఒంటికి పావు వంతు పసుపు, పావు వంతు మెజెంటా. రంగులు వేసేవాళ్లు దాన్ని ‘వై2 ఆర్2’ అని రాసుకునేవారు. తేలిగ్గా వస్తుంది, చెడిపోదు, ఏ ప్రెస్సులో కొట్టినా అదే గులాబీ. గోధుమ రంగు రావాలంటే మాత్రం మూడో సిరా కూడా కలవాలి. నాసిరకం న్యూస్‌ప్రింట్ మీద మూడు సిరాలు కలిస్తే బురద. అందుకని నల్లవాళ్లు ఒక పుస్తకంలో బూడిద రంగులో ఉంటారు, ఇంకో దాంట్లో వంకాయ రంగులోకి తిరుగుతారు. చైనావాళ్లయితే పండగపూట పసుపు రాసిన గడపలాగా ఉంటారు.

యంత్రానికి పరిమితులుండటం నిజమే. ఆ పరిమితి ఎవరి విషయంలో అడ్డొచ్చింది, ఎవరి విషయంలో రాలేదు అన్నదే చూడాలి. 1962లో హల్క్ అనే భూతం మొదటి సంచికలో బూడిద రంగులో పుట్టాడు. రచయిత స్టాన్ లీ కోరుకున్న బూడిద ప్రెస్సులో నిలవలేదు, ఒక పేజీలో ముదురు, ఇంకో పేజీలో లేత. రెండో సంచికకల్లా ఆకుపచ్చ చేసేశారు. భూతం ఒంటి మీద బూడిద రంగు సరిచెయ్యడానికి ఒక్క సంచిక పట్టింది. మనుషుల ఒంటి మీది బూడిదకి ఆ తొందర ఎవరికీ కలగలేదు. విమర్శకురాలు జోయీ డి. స్మిత్ 2019లో ఈ బూడిద రంగు మీదే ఒక గట్టి వ్యాసం రాసింది. ఇది సిరా తప్పా, సిరా వేయించినవాళ్ల తప్పా అని నిలదీసే వ్యాసం.

కావాలనుకున్నవాళ్లకి అవే సిరాలు పనికొచ్చాయి మరి. పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లవాళ్ల పత్రికలో జాకీ ఓర్మ్స్ 1937లోనే టార్చీ బ్రౌన్ అనే అమ్మాయి కథ గీసింది. 1950లో టార్చీ మళ్లీ వచ్చింది, ఈసారి రంగుల్లో. ఫ్యాషన్ బట్టలు కట్టుకుని, ప్రేమలో పడుతూ లేస్తూ, తన బతుకు తను బతికే అమ్మాయి. గీసింది నల్లజాతి స్త్రీ, చదివింది నల్లజాతి పాఠకులు, అందుకని ఆ ఒంటి రంగు ఎలా ఉండాలో చర్చే లేదు.

మా అమ్మాయి నాకు బలవంతాన చదివించిన కథ ఇంకోటుంది, ‘జడ్జిమెంట్ డే’. ఈసీ కామిక్స్ వాళ్లు 1953లో వేశారు. ఆల్ ఫెల్డ్‌స్టీన్ రాత, జో ఓర్లాండో గీత. మరమనుషులు బతికే ఒక గ్రహానికి భూమి నుంచి తనిఖీకి ఒక వ్యోమగామి వెళ్తాడు. అక్కడ నారింజ రంగు మరమనుషులకి అన్ని సౌకర్యాలూ ఉంటాయి, నీలం రంగువాళ్లకి ఊరవతల వేరే వాడ, బస్సులో వెనక సీటు. లోపలి యంత్రాలు ఒక్కటే, తేడా అంతా పై రేకుకే. మీరింకా మా కూటమిలో చేరడానికి తగరు అని చెప్పి ఆయన వెనుదిరుగుతాడు. రాకెట్లోకి ఎక్కాక, ఆఖరి గడిలో, అంతసేపూ తియ్యని హెల్మెట్ తీస్తాడు. నల్లవాడు. నుదుటి మీద చెమట బిందువులు మెరుస్తుంటాయి.

1954లో పరిశ్రమ తన మీద తనే పెట్టుకున్న సెన్సారు, కామిక్స్ కోడ్, వచ్చింది. 1956 నాటి సంచికలో ఈసీ ఆ కథని మళ్లీ వెయ్యబోతే కోడ్ అధికారి, అంతకుముందు న్యూయార్క్‌లో మేజిస్ట్రేటుగా చేసిన చార్లెస్ మర్ఫీ, అడ్డుపడ్డాడు. ఫెల్డ్‌స్టీన్ తర్వాత చెప్పుకున్న ప్రకారం ఆయన మొదటి కోరిక, వ్యోమగామి నల్లవాడుగా ఉండకూడదని. అలాగైతే కథే లేదు కదా అంటే దిగొచ్చాడు, పోనీ చెమట తీసెయ్యమన్నాడు. ప్రచురణకర్త బిల్ గెయిన్స్ ఫోన్లో బూతులు తిట్టి, కోర్టుకెక్కుతానని బెదిరించి, చెమటతో సహా వేశాడు. ఆ తర్వాత ఆయన ఇంకో రంగుల కామిక్ వెయ్యలేదు.

ఆ చెమట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మనిషిని తీసెయ్యమంటే జాత్యహంకారం అని అందరికీ తెలిసిపోతుంది. చెమట తీసెయ్యమంటే అది కేవలం బొమ్మ బాగుకోసం ఇచ్చే సలహాలా వినపడుతుంది. నల్లవాడిని ఉండనిస్తాం గానీ, మరీ అంత ఒళ్లున్న మనిషిలా ఉండొద్దు.

ఈసీ పుస్తకాలకి రంగులు చూసింది మేరీ సెవెరిన్ అనే ఇరవైల్లో ఉన్న అమ్మాయి. తర్వాత మార్వెల్ కామిక్స్‌లో పెద్ద పేరు తెచ్చుకుంది. గీతలో మగవాళ్లకేమీ తీసిపోని ఈవిడని ముందుగా రంగుల బల్ల దగ్గరే కూర్చోబెట్టారు. రంగులంటే ఆడవాళ్ల పని అని ఒక లెక్క. ఆవిడ బల్ల మీదినుంచి వెళ్లిన పేజీకి ఇంకో మజిలీ ఉంది, అది మా కనెక్టికట్‌లోనే. బ్రిడ్జ్‌పోర్ట్‌లో కెమికల్ కలర్ ప్లేట్ అనే కంపెనీ. అక్కడ వరసగా బల్లల ముందు కూర్చుని, ఎక్కువమంది ఆడవాళ్లే, ఒక్కో సిరాకి ఒక్కో మోతాదుకి విడివిడిగా ప్లాస్టిక్ షీట్ల మీద రంగు పూసేవారు. పేజీకి తొమ్మిది షీట్లు. చిన్న జీతాలు. 1970ల్లో రంగులు ఎంచినవాళ్ల పేర్లు పుస్తకంలో పడటం మొదలైంది గానీ, బ్రిడ్జ్‌పోర్ట్ ఆడవాళ్ల పేర్లు పడలేదు. న్యూజెర్సీలో చుట్టాలింటికి వెళ్లేటప్పుడల్లా ఐ-95 మీద ఆ ఊరు దాటుతాం. ట్రాఫిక్‌లో ఇరుక్కుని నేను విసుక్కుంటుంటే, సూపర్‌మ్యాన్‌కి ఒళ్లిచ్చింది ఇక్కడే అంటుంది మా అమ్మాయి.

1993లో డ్వేన్ మెక్‌డఫీ, మరి ముగ్గురు నల్లజాతి మిత్రులు మైల్‌స్టోన్ అనే కామిక్స్ సంస్థ పెట్టినప్పుడు రంగులు నోయెల్ గిడ్డింగ్స్ చేతికి ఇచ్చారు, ఆవిడా స్త్రీయే. ఒకే ఇంట్లోవాళ్లయినా నల్లవాళ్లందరి ఒళ్లూ ఒకే డబ్బాలోంచి రాదని ఆ పుస్తకాలు తిరగేస్తే తెలుస్తుంది. క్రేయాన్ల కథ కూడా ఇలాంటిదే. క్రేయోలా కంపెనీ ఒక లేత రంగు పుల్లకి పెట్టిన ‘ఫ్లెష్’, అంటే ఒళ్లు, అన్న పేరుని 1962లో ‘పీచ్’గా మార్చింది. అప్పటిదాకా అమెరికాలో ఒళ్లంటే ఆ ఒక్క పుల్లే.

మన సంగతికొస్తే, 2013 సెప్టెంబరులో నీనా దావులూరి మిస్ అమెరికా అయింది. తెలుగువాళ్ల అమ్మాయి, సిరక్యూజ్‌లో పుట్టింది. ఆ రాత్రే ట్విట్టర్‌లో ఆమెని అరబ్బు అనీ టెర్రరిస్టు అనీ తిట్టారు. మనమంతా మండిపడ్డాం. అదే వారం ఎవరింట్లోనో భోజనాల దగ్గర, పిల్ల బాగానే ఉంది గానీ రంగే కాస్త తక్కువ అన్న మాట నేను విన్నాను. అన్నది ట్విట్టర్‌వాళ్లు కాదు, గుత్తివంకాయ వడ్డించుకుంటున్న మనవాళ్లే. మనదేశంలో ఇదే పోటీలో ఈ పిల్ల గెలిచేదా అని అక్కడి పత్రికలు కూడా అప్పుడే అడిగాయి.

రెండు నెలలు తిరక్కుండా మార్వెల్‌వాళ్లు కమలా ఖాన్‌ని ప్రకటించారు. జెర్సీ సిటీలో పాకిస్తానీ కుటుంబంలో పెరిగిన పదహారేళ్ల పిల్ల, కొత్త మిస్ మార్వెల్. 2014 మొదట్లో పుస్తకం వచ్చింది, మరుసటేడు హ్యూగో అవార్డు తెచ్చుకుంది. జి. విల్లో విల్సన్ రాత, అడ్రియన్ అల్ఫోనా గీత అని అందరూ చెప్తారు. రంగులేసిన ఇయాన్ హెరింగ్ పేరు మా ఇంట్లో తప్ప ఎక్కడా వినలేదు. మొదటి సంచికలో కమలకి శక్తి వచ్చిన క్షణాన ఆమె అయిపోయేది తను కోరుకున్న మనిషే: బంగారు జుట్టు, తెల్ల ఒళ్లు, పొడవాటి కాళ్లున్న పాత మిస్ మార్వెల్. తర్వాత ఆ వేషం ఇరుకని, జుట్టు కళ్లకి అడ్డమని తెలుసుకుంటుంది. అక్కడ రచయిత్రి ఉపన్యాసం ఇవ్వలేదు, ఆ అవసరం హెరింగ్ రానివ్వలేదు. పేజీ తిప్పగానే ఒంటి రంగు మారి కనిపిస్తే పన్నెండేళ్ల పిల్లకైనా అర్థమవుతుంది.

అమెరికావాళ్లు మనల్ని ఎలా గీశారో పట్టుకోవడంలో మనకి సాటి లేదు. హరి కొండబోలు, మన తెలుగింటి కుర్రాడే, 2017లో ‘ది ప్రాబ్లమ్ విత్ అపు’ అనే డాక్యుమెంటరీ తీసి, అపు అనే ఇండియన్ పాత్రని నవ్వులపాలు చేసిన సింప్సన్స్ కార్టూన్‌ని కడిగేస్తే చప్పట్లు కొట్టాం. మన సూట్‌కేసుల్లో ఆవకాయ పక్కన పెట్టి తెచ్చుకునే అమర్ చిత్ర కథల దగ్గరికొచ్చేసరికి ఆ భూతద్దం సొరుగులోకి పోతుంది. అనంత్ పాయ్ 1967లో మొదలుపెట్టిన ఆ పుస్తకాలు లేకపోతే ఇక్కడి పిల్లలకి నలుడెవరో కచుడెవరో తెలిసేది కాదు, ఆ రుణం ఒప్పుకోవాల్సిందే. అయినా అసురులు ఎక్కువగా ముదురు రంగులో ఎందుకుంటారు? రాజకుమార్తెలందరూ ‘వై2 ఆర్2’కి దగ్గరగా ఎందుకు తేలతారు? కార్లైన్ మెక్‌లేన్, నందినీ చంద్ర ఈ పుస్తకాల మీద పరిశోధన గ్రంథాలే రాశారు. కృష్ణుడి నల్లదనానికి నీలం వేసి గట్టెక్కారు. ఆడవాళ్లకి ఆ నీలం కూడా ఇవ్వలేదు.

ద్రౌపదిని చూడండి. యజ్ఞకుండంలోంచి లేచిన ఆ పిల్ల నల్లనిదని భారతం దాచుకోకుండా చెప్తుంది, కృష్ణ అని పేరు కూడా అందుకే. మన క్యాలెండర్లూ సినిమాలూ టీవీ సీరియళ్లూ ఆమెని పాలమీగడ చేసిపెట్టాయి. హిడింబి సంగతి సరేసరి. భీముడి మీద మనసుపడ్డాక అందమైన రూపం ధరించి వెళ్తుంది. మూలంలో ఉన్నది రూపం మారిందనే. దాన్ని రంగు మారడంగా గీసింది మన బొమ్మలవాళ్లే. 2010లో మాయాబజార్‌కి రంగులద్దినవాళ్లు ఘటోత్కచుడి దగ్గర ఎంతసేపు తర్జనభర్జన పడ్డారో అనుకుంటాను అప్పుడప్పుడు. నలుపు తెలుపులో ఉన్నన్నాళ్లూ ఎస్వీరంగారావు ఒంటి రంగు ఎవరికీ ప్రశ్నే కాలేదు.

ఈమధ్య ఒక తెలుగు సంఘం ఉగాది సావనీర్‌కి బొమ్మ కావాలని మా అమ్మాయిని అడిగారు. ద్రౌపదిని గీసింది. జుట్టు విరబోసుకుని, సభలో నిలబడి, ప్రశ్న అడుగుతున్న ద్రౌపది. కాటుకకీ ఒంటికీ మధ్య రెండు మెట్లే తేడా ఉండేంత నలుపు వేసింది. కమిటీలో ఒకాయన ఫోన్ చేశారు.

“అమ్మలూ, బొమ్మ అద్భుతం తల్లీ. కాకపోతే కాస్త లైట్ చెయ్యి. ఇంత డార్కయితే ప్రింట్‌లో రాదమ్మా, ముఖం కనపడదు.”

“ఏ ప్రెస్ అంకుల్? వాళ్ల కలర్ సెట్టింగ్స్ పంపండి, నేను శాంపిల్ తీసి చూపిస్తా.”

ఆయన ఈ జవాబు ఊహించలేదు. సెట్టింగ్స్ రాలేదు. మా అమ్మాయే ఒక కాపీ షాపులో శాంపిల్ తీయించి, కల్చరల్స్ రిహార్సల్ రోజున తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టింది. ముఖం కనపడుతోంది. కన్నీటి చార కూడా కనపడుతోంది. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, బాగానే వచ్చిందే అన్నారు. ఒక్క క్షణం ఆగి, “అయినా మన లేడీస్ ఏమంటారో” అన్నారు.

కమిటీలో ఉన్న లేడీస్ ఒక్కరే, ట్రెజరర్. ఆవిడ బొమ్మ వంక చూసి, “ఫుల్ పేజీయా, హాఫ్ పేజీయా?” అని అడిగింది. రంగు పేజీలన్నీ అప్పటికే రియల్టర్లకీ నగల కొట్లకీ అమ్ముడైపోయాయట. ఇక మిగిలినవి బ్లాక్ అండ్ వైట్ పేజీలే.

మా అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. కారెక్కగానే లాప్‌టాప్ తెరిచింది. ఒంటికి నలుపు అరవై శాతం పెట్టాలా, డెబ్బై పెట్టాలా అని లెక్కలు వేసుకుంటూ కూర్చుంది. డెబ్బై పెట్టి పంపింది, అలాగే అచ్చయింది. దసరా సంచికకి సత్యభామ కావాలని ఆ అంకులే మళ్లీ ఫోన్ చేశారు. కుదరదు, హిడింబి అయితే గీస్తానంది. ఆయన కమిటీలో అడిగి చెప్తానన్నారు.